కరిగిపోయే శిల్పాలు

2009 సెప్టెంబరు 2వ తేదీన బెర్లిన్ నగరంలో ఒక సంగీత మందిరపు మెట్లమీద వెయ్యిమంది మనుష్యులు కూర్చున్నారు. ఒక్కొక్కరి ఎత్తు సుమారు జానెడు. అందరూ మంచుగడ్డతో చేసిన బొమ్మలే. కొద్దిసేపటికే వారి రూపురేఖలు చెరిగినవి, తలలు సన్నబడినవి. చివరకు మెట్లమీద తడి మాత్రం మిగిలింది.

వీటిని అమర్చినది బ్రెజిల్ దేశపు శిల్పి నేలే అజెవేదో. ఒక స్థలంలో వస్తువులను అమర్చి, ప్రేక్షకులు వాటి మధ్య తిరుగుతూ చూసే ఇటువంటి కళను ఇన్‌స్టలేషన్ అంటారు. మహావీరుల శిలావిగ్రహాలకు ఎదురుగా, పేరులేని సామాన్యునికి నిలవని స్మారకం కట్టడమే మొదట ఆమె ఉద్దేశం. భూమి వేడెక్కడమనే అర్థం తరువాత వచ్చి చేరింది. చూసేవారికి మాత్రం మానవజాతి అంతరించడమే కళ్ళముందు జరిగినట్లు తోచింది.

ఈ బొమ్మలు అంత త్వరగా ఎందుకు కరిగినవి? ఐసు దిమ్మను ఊకలో కప్పిపెడితే చాలాసేపు నిలుస్తుంది. దానినే ముక్కలుగా కొడితే చూస్తుండగానే నీరవుతుంది. 10 సెంటీమీటర్ల భుజం గల ఘనానికి ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక సెంటీమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6,000 అవుతుంది. మంచు అంతే, వేడి చొరబడే ద్వారాలు మాత్రం పదింతలు. బొమ్మల సన్నని కాళ్ళూ చేతులూ ఇట్టి ద్వారాలే.

2015 డిసెంబరులో పారిస్‌లో వాతావరణ మహాసభ జరిగినప్పుడు ఒలాఫుర్ ఎలియాసన్ అనే శిల్పి, మినిక్ రోసింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞునితో కలిసి, 12 పెద్ద మంచు దిమ్మలను గడియారపు అంకెలవలె వలయంగా పేర్చాడు. మొత్తం బరువు సుమారు 80 టన్నులు. గ్రీన్లాండు సముద్రపు పాయలో తేలుతున్నవాటిని పట్టి తెచ్చారు. జనం వాటిని కౌగిలించుకున్నారు, చెవి ఆనించి విన్నారు. లోపల చిటపట శబ్దం! వేల సంవత్సరాల క్రితం మంచుపొరల మధ్య చిక్కుకొని నలిగిన గాలిబుడగలు పగిలే చప్పుడది. దిమ్మలు పెద్దవి కనుక వారానికి పైగా నిలిచినవి. పారిస్ చలి కూడా సాయపడిందనుకోండి. ఇంత బరువు మోసుకొని వచ్చేందుకు ఇంధనం తగలబెట్టాలా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

తేలుతున్న మంచు కరిగితే నీటిమట్టం ఇంచుమించు మారదు. గ్లాసులో నీరు పోసి, ఐసుముక్క తేలనిచ్చి, మట్టం గుర్తుపెట్టి చూడవచ్చును. నేలమీది మంచు సముద్రంలో పడినప్పుడే మట్టం పెరుగుతుంది. గ్రీన్లాండు మీది మంచు కొన్నిచోట్ల 3 కిలోమీటర్లకు పైగా మందం. 2002 నుండి అది సగటున ఏడాదికి 25 వేల కోట్ల టన్నులకు పైగా తరిగిపోతున్నది. అంతా కరిగితే ప్రపంచంలోని సముద్రాలు సుమారు 7 మీటర్లు లేస్తాయి. కోనసీమలో చాలా భాగం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తుననే ఉన్నది.

అంత మాత్రాన మానవజాతి అంతరిస్తుందని శాస్త్రజ్ఞులు చెప్పడం లేదు. భూమిపై పుట్టిన జాతులలో నూటికి 99కి పైగా నశించిన మాట నిజమే. మన జాతి వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరాలు మాత్రమే. కాని ఇక్కడ భయపడవలసినది మరొకటి ఉన్నది. 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక గ్రాము మంచుగడ్డ అదే 0 డిగ్రీల నీరు కావడానికి సుమారు 80 కెలోరీల వేడి కావాలి. ఆ వేడి ఆ నీటికే ఇస్తే 80 డిగ్రీలకు కాగుతుంది. కరిగినంతసేపూ ఉష్ణమాపకం మాత్రం 0 దగ్గరే నిలుస్తుంది. వేడి లోపలికి పోతూనే ఉంటుంది, కొలతకు అందదు. అందుకే దీనికి గుప్తోష్ణమని పేరు. బెర్లిన్ మెట్లమీది బొమ్మల ఉష్ణోగ్రత కూడా, చివరి ముక్క కరిగేవరకు, ఇంచుమించు 0 డిగ్రీలే.