కుక్కకు కర్ర వద్దు... ‘శభాష్’ చాలు!

వేళకు ఓ ముక్క, ఓ మంచి మాట: ఇదే దాని బడి

‘దండం దశగుణం’ అంటారు. చేతిలో కర్ర ఉంటే పది విధాల మేలు అని అర్థం. ఆ పది మేళ్లలో కుక్కను అదిలించడాన్ని కూడా పెద్దలు లెక్క వేశారు. చీకటి పడ్డాక పొలం గట్టు మీద పరాయి కుక్క ఎదురైతే ఆ మాట నిజమే. కానీ చాలా ఇళ్లలో అదే కర్ర పెంపుడు కుక్క మీద కూడా లేస్తోంది. కోడిపిల్లను పట్టినా కర్రే. చెప్పు కొరికినా కర్రే. పిలిస్తే రాకపోయినా కర్రే. ఇన్ని దెబ్బలు తిన్నా దాని తీరు మారదు. చివరకు ‘కుక్క తోక వంకర’ అని విసుక్కుని గొలుసు వేసి గుంజకు కట్టేస్తారు. ఆ కట్టేసిన కుక్కే ఒకనాడు ఇంట్లో పిల్లవాడిని కరుస్తుంది.

ఇందులో తోక తప్పేమీ లేదు. పాఠం చెప్పిన తీరులోనే ఉంది లోపం. కొట్టకుండా, తిట్టకుండా, చిన్న తిండి ముక్కతో, ఒక మెచ్చుకోలు మాటతో ఏ కుక్కకైనా మాట వినడం నేర్పవచ్చు. దీనికి జాతి కుక్కే కానక్కర లేదు. పైసా ఖర్చు లేదు. రోజుకు పావుగంట తీరిక, కాస్త ఓపిక ఉంటే చాలు.

కర్ర నేర్పేది ఏమిటి?

ఒక ఉదాహరణ. తెల్లవారి వదిలిన కుక్క పక్కింటి దొడ్లో దూరి కోళ్లను తరిమింది. యజమాని కేకలు వేశాడు. నాలుగైదు పిలుపుల తర్వాత అది వెనక్కి వచ్చింది. రాగానే నాలుగు తగిలించాడు. కోళ్లను తరిమినందుకు బుద్ధి చెప్పానని ఆయన అనుకున్నాడు. కుక్క లెక్క వేరు. అది ఆఖరున చేసిన పని యజమాని దగ్గరకు రావడం. దెబ్బలు పడింది ఆ పనికే. మర్నాడు పిలిస్తే అది దూరంగా నిలబడి చూస్తుంది గానీ రాదు.

చేసిన పనికీ, దాని ఫలితానికీ మధ్య ఒకటి రెండు సెకన్లకు మించి ఎడం ఉంటే కుక్క ఆ రెంటినీ ముడి పెట్టుకోలేదు. పొద్దున చెప్పు కొరికిన కుక్కను మధ్యాహ్నం కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు. అది చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి నేల చూపులు చూస్తే, ‘చూశారా, తప్పు తెలిసింది’ అంటారు. అది పశ్చాత్తాపం కాదు. యజమాని ముఖం చూసి, గొంతు విని పుట్టిన భయం.

భయపడ్డ కుక్క రెండే పనులు చేస్తుంది. పారిపోతుంది, లేదా తిరగబడుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 2009లో ప్రచురించిన పరిశీలనలో ఇదే తేలింది. కొట్టడం, తన్నడం, నోట్లోది బలవంతంగా లాక్కోవడం వంటి పనులు చేసినప్పుడు ప్రతి నాలుగు కుక్కల్లో కనీసం ఒకటి యజమాని మీదికే తిరగబడింది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో వెల్లడించిన ఫలితాలూ అదే చెబుతున్నాయి. దండనతో శిక్షణ పొందిన కుక్కలు, బహుమతితో నేర్చుకున్న వాటికంటే ఎక్కువ బెదురుతో, ఆందోళనతో ఉన్నాయి.

గుర్రుమన్న కుక్కను కొట్టడం మరీ ప్రమాదం. గుర్రుమనడం ‘దగ్గరకు రావద్దు’ అనే హెచ్చరిక. దెబ్బలకు జడిసి అది హెచ్చరించడం మానేస్తుంది. కోపం మాత్రం పోదు. అప్పుడు చప్పుడు లేకుండానే కరుస్తుంది.

గిన్నె చప్పుడు చెప్పే పాఠం

వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, వాకిట్లో పడుకున్న కుక్క లేచి తోక ఊపుకుంటూ వస్తుంది. ఆ చప్పుడు అర్థం దానికి ఎవరూ నేర్పలేదు. చప్పుడు వెనకే తిండి రావడం రోజూ చూసింది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ తన ప్రయోగశాలలో కుక్కల మీద చూపిందీ ఇదే. తిండికి ముందు ప్రతిసారీ ఒక చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ చప్పుడుకే కుక్క నోట్లో నీళ్లూరతాయి. జీర్ణక్రియ మీద చేసిన కృషికి ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది.

అమెరికాకు చెందిన థార్న్‌డైక్ 1898లో మరో సంగతి బయటపెట్టారు. ఆకలితో ఉన్న పిల్లిని పెట్టెలో పెట్టి బయట తిండి ఉంచారు. అటూ ఇటూ గీకి చివరకు మీట నొక్కి బయటపడిన పిల్లి, ప్రతిసారీ అంతకంతకు త్వరగా మీట దగ్గరకే పోయింది. ఏ పని చేస్తే మేలు కలుగుతుందో ఆ పనినే జంతువు మళ్లీ చేస్తుంది.

ఈ రెండు సంగతులనూ కలిపితే శిక్షణ అయింది. మంచి పని చేసిన క్షణంలో ‘శభాష్’ అనాలి. ఆ వెంటనే ముక్క పెట్టాలి. కొద్ది రోజుల్లో గిన్నె చప్పుడులాగే ‘శభాష్’ మాట కూడా దానికి తీపి అవుతుంది.

బాంబులు, గంజాయి వాసన పట్టే పోలీసు జాగిలాలు కూడా ఈ దారినే చదువుకుంటాయి. వెతకమన్న వాసన దొరకగానే శిక్షకుడు బంతి విసిరి ఆడిస్తాడు. ఆ బంతి కోసమే కుక్క పని చేస్తుంది. ఇలాంటి జాగిలాలకు, వాటిని నడిపే పోలీసులకు కలిపి శిక్షణ ఇచ్చే కేంద్రం హైదరాబాద్ శివారులోని మొయినాబాద్‌లో ఉంది.

ముక్క ఎంత? ఎప్పుడు?

ముక్క శనగ గింజంత ఉంటే చాలు. జొన్నరొట్టె తునక, ఉడికించిన గుడ్డు, ఉప్పుకారం లేని మాంసం తునక, ఏదైనా పనికి వస్తుంది. రోజూ పెట్టే తిండిలోంచే కాస్త తీసి ఉంచుకోవాలి. అదనపు ఖర్చు ఉండదు. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కకు విషం వంటివి. ఉడికించిన కోడి ఎముకలు పెళుసుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. వాటి జోలికి పోరాదు.

తిండి పెట్టే వేళకు కాస్త ముందు, కుక్క ఆకలి మీద ఉన్నప్పుడు పాఠం మొదలుపెట్టాలి. ఒక్కో పాఠం అయిదు నిమిషాలు. రోజుకు రెండు మూడుసార్లు. మొదట ఇంటి వాకిట్లో, తర్వాత వీధిలో, ఆ తర్వాత పొలంలో. సందడి లేని చోట రానిది సంతలో రమ్మంటే రాదు.

ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. తాత ‘ఇటు రా’ అని, నాయనమ్మ ‘దా దా’ అని, మనవడు ‘కమ్’ అని పిలిస్తే కుక్క తికమక పడుతుంది.

‘రా’ అంటే రావాలంటే...

అన్నిటికంటే ముందు నేర్పవలసింది ఈ మాట. లారీ కింద పడకుండా, కరెంటు తీగ ముట్టకుండా, ఒకరిని కరవకుండా కుక్కను ఆపేది ఇదే.

రెండడుగుల దూరంలో నిలబడి పేరు పెట్టి హుషారుగా ‘రా’ అనాలి. ఒక్క అడుగు ముందుకు వేసినా ‘శభాష్’ అనాలి. దగ్గరకు రాగానే ముక్క పెట్టి, మెడ కింద నిమరాలి. రోజు రోజుకు దూరం పెంచాలి. ఎంత ఆలస్యంగా వచ్చినా, అంతకు ముందు ఏ వెధవ పని చేసి వచ్చినా, వచ్చిన కుక్కను కొట్టరాదు. ప్రతిసారీ గొలుసు వేయడానికే పిలిచినా అది రావడం మానేస్తుంది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి మళ్లీ వదిలేయాలి.

‘కూర్చో’ మరీ సులువు. ముక్కను ముక్కు ముందు ఉంచి, మెల్లగా తల మీదుగా వెనక్కి తీసుకుపోవాలి. తల పైకెత్తిన కుక్క నడుము దానంతట అదే కిందికి దిగుతుంది. నేలకు ఆనగానే ‘శభాష్’, ముక్క. నడుము పట్టి నొక్కవలసిన పని లేదు. నాలుగు రోజులయ్యాక ఖాళీ చేతితో అదే సైగ చేస్తూ ‘కూర్చో’ అనాలి. ఇంటికి ఎవరొచ్చినా మీదికి ఎగబడే కుక్కకు ఇది మంచి మందు. కూర్చున్న కుక్క ఎగరలేదు గదా!

పాఠం బాగా వచ్చాక ప్రతిసారీ ముక్క అక్కరలేదు. రెండుసార్లకు ఒకసారి, నాలుగుసార్లకు ఒకసారి పెడితే చాలు. ఈసారి దొరుకుతుందేమో అన్న ఆశతో అది మరింత చురుగ్గా పని చేస్తుంది. ‘శభాష్’ మాత్రం ఏనాడూ మానరాదు.

కోళ్ల వెంట పడే కుక్క

పల్లెల్లో కుక్క మీద వచ్చే తగాదాల్లో ఇది పెద్దది. కోడి పోయిందని ఒకరు, కుక్కను కొట్టారని ఒకరు కేకలేసుకుంటారు. దీనికి కొన్ని వారాల సాధన కావాలి.

కుక్క మెడకు పొడుగు తాడు కట్టి, కోళ్లకు చాలా దూరంగా నిలబడాలి. అది కోళ్ల వైపు చూడగానే పేరు పెట్టి పిలవాలి. తల తిప్పి యజమాని వైపు చూసిన క్షణంలో ‘శభాష్’, ముక్క. ఇక్కడ కాస్త మంచి ముక్కే ఉండాలి. అక్కడ కోడి ఉంది మరి! రోజుకు రెండడుగులు దగ్గరకు జరగాలి. తాడు లాగి గింజుకుంటే దూరం చాలలేదని అర్థం. వెనక్కి రావాలి. పాఠం పూర్తయ్యేదాకా కోళ్లు బయట తిరిగే వేళ కుక్కను వదలరాదు. ఒక్కసారి కోడిని పట్టిందంటే ఆ రుచి ముందు ఏ ముక్కా ఆనదు. వేట బుద్ధి బలంగా ఉన్న కొన్ని కుక్కలను ఎంత నేర్పినా కోళ్ల దగ్గర ఒంటరిగా వదలలేం. వాటికి కాపలా తప్పదు.

తెలియకుండా నేర్పే పాఠాలు

కుక్క ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉంటుంది. భోజనాల వేళ పీట పక్కన చేరి మొరిగితే, గోల పడలేక ఓ ముద్ద విసురుతారు. మొరిగితే ముద్ద దొరుకుతుందని అది నేర్చుకుంటుంది. మొరుగుతున్నంతసేపూ అటు చూడరాదు. నోరు మూసి పక్కకు వెళ్లి పడుకున్నాక పెట్టాలి. నాలుగు రోజులు గోల ఎక్కువే అవుతుంది. అప్పుడు లొంగితే మొత్తం చెడుతుంది.

పిల్లదశలో చేయి కొరుకుతుంటే నవ్వుతూ ఆడిస్తారు. ఏడాది తర్వాత అదే పని చేస్తే కొడతారు. కుక్కపిల్ల పన్ను తగలగానే ఆట ఆపి లేచిపోవాలి. ఆట పోవడమే దానికి శిక్ష. చెప్పులు కొరకకుండా ఉండాలంటే అవి అందని ఎత్తులో పెట్టాలి. తప్పు చేసే వీలు లేకుండా చూడటం సగం శిక్షణ.

ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయరాదు. మూడు నెలల వయసు వరకు ఏ మనుషులను, పశువులను, చప్పుళ్లను మంచిగా చూస్తే, జీవితాంతం వాటికి బెదరదు.

ఊరకుక్కకు చదువు రాదా?

జాతి కుక్కలకే తెలివి ఉంటుందని అనుకుంటారు. కోల్‌కతా ఐసర్ శాస్త్రవేత్తలు మన వీధి కుక్కల మీదే పరిశోధనలు చేశారు. 2020లో వెల్లడించిన పరిశీలనలో, ఏ శిక్షణా లేని వీధి కుక్కలు ముక్కూ ముఖం తెలియని మనిషి వేలు చూపిన వైపు వెళ్లాయి. సగం కుక్కలు భయపడి దగ్గరకే రాలేదు. వచ్చిన వాటిలో నూటికి 80 వరకు ఆ సైగను పాటించాయి. 2017లో చేసిన మరో పరిశీలనలో, తిండి పెట్టిన కొత్తవారి కంటే తల నిమిరిన వారికి అవి ఎక్కువ చేరువయ్యాయి. ముక్క కంటే ముద్దుకే లొంగుతుందన్న మాట మన ఊరకుక్క!

అలాగని పిల్లలు తెలియని కుక్కను నిమరబోవడం మంచిది కాదు. తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, పిల్లలకు పాలిస్తున్న కుక్క, కట్టేసి ఉన్న కుక్క దగ్గరకు పోరాదని ఇంట్లోనే చెప్పాలి.

టీకా మరవద్దు

ఎంత చదువు చెప్పినా పిచ్చి సోకిన కుక్కకు అది పనిచేయదు. మూడు నెలల వయసులో, తర్వాత ఏటా పశువైద్యుని సలహా ప్రకారం రేబిస్ టీకా వేయించాలి. కుక్క కరిస్తే, అది సొంత కుక్కే అయినా, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధార కట్టే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసర్లు పూయరాదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. పిచ్చి లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

కుక్కను అదే పనిగా కొట్టడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, పగలంతా గుంజకు వేలాడిన కుక్క రాత్రి కాపలాకు పనికిరాదు. దొంగను చూసినా, చుట్టాన్ని చూసినా ఒకే తీరున మొరుగుతుంది. ఉదయం, సాయంత్రం అరగంట తిప్పి, పాఠం చెప్పి, ‘శభాష్’ అనిపించుకున్న కుక్క ఎవరి వైపు మొరగాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలుసుకుంటుంది. కావలసింది అలాంటి కాపలాయే.