బియ్యం డబ్బాలో వేపాకు

పోయిన ఏడాది ఎనిమిదో తరగతిలో కీటకాల పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, "మా బియ్యానికి పురుగు పట్టదు మాస్టారూ! నాన్న బస్తాలో మాత్రలు వేశాడు" అన్నాడు. బస్తా ఎక్కడుందిరా అంటే, "మేం పడుకునే గదిలోనే" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. పాఠం ఆపి వాళ్ళ నాన్నకు కబురు పంపాను.

ఆ మాత్రల్లో ఉండేది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే చాలు, దాని నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. పురుగని, మనిషని అది తేడా చూడదు. గాలి చొరకుండా మూసిన గిడ్డంగుల్లో శిక్షణ పొందినవారు వాడవలసిన మందు అది. మీ ఇంట్లో అలాంటివి కనబడితే ముట్టుకోకండి, నీళ్ళు పోయకండి. అందరూ బయటికి వచ్చి పెద్దవాళ్ళకు చెప్పండి.

మరి మన అమ్మమ్మలు బియ్యంలో ఏం వేసేవారు? ఎండిన వేపాకు. వేపలో ఏముంది? చేదు అంటారు మీరు. అంతే కాదు. 1959లో సూడాన్ దేశం మీద మిడతల దండు పడి పచ్చనిదల్లా తినేసింది. వేపచెట్లు మాత్రం మిగిలాయి. ష్ముట్టరర్ అనే జర్మన్ కీటక శాస్త్రజ్ఞుడు అది గమనించాడు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో వేపగింజల పొడి కలిపిన నీళ్ళు పైరు మీద చల్లి చూశారు. మిడతలు వాలాయి గాని తినలేదు! 1968లో బ్రిటన్‌లో ఆ గింజల నుంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది పురుగుకు తిండి మీద ఇష్టం పోగొడుతుంది. పిల్లపురుగు కుబుసం విడవకుండా దాని హార్మోన్లను తారుమారు చేస్తుంది.

చూశారా, వేపలో ఉన్నదీ రసాయనమే. సహజమైనది కదా అని వేపనూనె తాగించగా పసిపిల్లల ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి చెట్టుదా, ఫ్యాక్టరీదా అని కాదు, ఎక్కడ ఎలా పనిచేస్తుందో అడగాలి.

అజాడిరక్టిన్ ఆకులో తక్కువ, గింజలో ఎక్కువ. అందుచేత వేపాకు పురుగును దూరంగా ఉంచడానికి పనికొస్తుంది గాని, చేరిన పురుగును చంపదు. పైగా తల్లి ముక్కుపురుగు గింజకు కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఆ గుడ్డును ఏ ఆకు ఏం చేయగలదు? ముందు బియ్యం ఆరబోసి జల్లించాలి. ఆకును నీడలో గలగలలాడేలా ఎండబెట్టాలి, పచ్చిది వేస్తే బూజు పడుతుంది. గుడ్డసంచిలో మూటగట్టి, బిగుతైన మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. వాసన తగ్గితే మార్చాలి.

ఆ అబ్బాయి ఇంట్లో ఇప్పుడు రేకు డబ్బా ఉంది. ఆకు మార్చడం వాడి పని. అడపాదడపా ఒకటి రెండు ముక్కుపురుగులు కనబడుతూనే ఉన్నాయట. వాళ్ళమ్మ చేటలో పోసి చెరిగేస్తోంది.