దుబాయ్ జాబ్ ఆఫర్ వచ్చిందా? జీతం కాదు.. చేతిలో మిగిలేదెంతో ముందు చూడండి!

దుబాయ్ నుంచి ఆఫర్ లెటర్ రాగానే చాలామంది చేసే మొదటి పని.. దిర్హమ్‌లను రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. అంకె పెద్దగానే కనిపిస్తుంది. పైగా అక్కడ జీతంపై ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. కానీ ఖర్చు కూడా దిర్హమ్‌ల్లోనే అవుతుందన్న సంగతి మర్చిపోతే ఇబ్బందే.

అసలు భారం ఇంటి అద్దె దగ్గరే. హైదరాబాద్‌లోలా నెలనెలా కాదు, ఏడాది అద్దెకు ముందే కొన్ని చెక్కులు ఇవ్వడం అక్కడ మామూలు. ఉదాహరణకు అద్దె ఏడాదికి 60,000 దిర్హమ్‌లు, నాలుగు చెక్కులు అనుకుందాం.

* తొలి చెక్కు: 15,000
* ఏజెంట్ కమీషన్ (సాధారణంగా 5 శాతం): 3,000
* ఇంటి ఓనర్‌కు డిపాజిట్ (5 శాతం): 3,000
* ఫ్లాట్‌కు కరెంటు, నీళ్ల డిపాజిట్: 2,000

అంటే మొదటి జీతం పడకముందే 23,000 దిర్హమ్‌లు కావాలి! ఆ తర్వాత ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కరెంటు బిల్లులో కలిసి వస్తుంది.

ఫ్యామిలీతో వెళ్తే లెక్క ఇంకా మారుతుంది. ఉద్యోగి హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి. భార్యాపిల్లలది మాత్రం వాళ్లను స్పాన్సర్ చేసే ఉద్యోగిదే బాధ్యత. స్కూలు ఫీజులు అదనం.

ఆఫర్ లెటర్‌లో బేసిక్ పే ఎంతో కూడా చూడాలి. గ్రాట్యుటీ దాని మీదే లెక్కిస్తారు. తొలి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ పే వస్తుంది.

భద్రత, రోడ్లు, మెట్రో దుబాయ్‌కి ప్లస్. మండే ఎండలు, ఇంటికి దూరం మైనస్. ఇంటి అడ్వాన్సు, స్కూలు ఫీజుల్లో కంపెనీ ఎంత భరిస్తుందో సంతకం పెట్టకముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.