విడాకుల పత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఒక ఇంటిని ఊహించుకుందాం. కృష్ణా తీరాన, ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం గ్రామం. ఆ ఇంటి అమ్మాయికి పన్నెండేళ్ళ క్రితం ఖులా జరిగింది. పెద్దలు కూర్చున్నారు, మహర్ తిరిగి ఇచ్చివేశారు, ఖాజీ సాహెబ్ రిజిస్టరులో వ్రాసుకున్నారు, ఇద్దత్ గడిచింది. ఇన్నాళ్ళకు గుడివాడ నుండి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి ఎంతో మర్యాదగానే అడిగింది: "ఆపా, అమ్మాయి ఖులానామా ఒకసారి చూపిస్తారా?" ట్రంకుపెట్టె అడుగు వరకూ వెదికారు. కాగితం లేదు. ఖాజీ సాహెబ్ కూడా ఇప్పుడు లేరు.

ఆ తల్లి అడిగినది అనుమానంతో కాదు. ఒకరి నికాహ్‌లో ఉన్న స్త్రీని మరొకరు వివాహమాడటం నిషిద్ధమని దివ్య ఖుర్ఆన్ 'అన్నిసా' సూరాలో స్పష్టం చేసింది. కనుక విడాకుల పత్రం ఆఫీసుల అవసరం మాత్రమే కాదు. అది ఒక స్త్రీ గౌరవానికీ, ఆమెకు పుట్టబోయే సంతానం వంశ నిర్ధారణకూ రక్షణ. మహర్ బాకీ, భరణం, వారసత్వం, పాస్‌పోర్టులో భర్త పేరు తొలగింపు, ఒంటరి మహిళ పింఛను - ఇవన్నీ చివరికి ఆ ఒక్క కాగితం దగ్గరే ఆగుతాయి.

వ్రాసి ఉంచడం మన ధర్మం

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని 'అల్ బఖరా' సూరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది. విడాకుల విషయంలో న్యాయవర్తనులైన ఇద్దరిని సాక్షులుగా పెట్టుకోవాలని 'అత్తలాఖ్' సూరా రెండవ ఆయతు బోధిస్తున్నది. పది వేల రూపాయల అప్పుకు ప్రామిసరీ నోటు వ్రాయించుకునే మనం, ఒక జీవిత బంధం ముగిసినప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోవడం ఎంతవరకు సబబు?

మొదటి మజిలీ: ఖాజీ రిజిస్టరు

మన ప్రాంతంలో ఖాజీ వ్యవస్థకు ఒక చరిత్ర ఉంది. 1864లో ఆంగ్ల ప్రభుత్వం ఖాజీల నియామకం తన పని కాదని చట్టం చేసి తప్పుకున్నది. ముస్లిములకు కలిగిన ఇబ్బందిని గమనించి 1880లో ఖాజీల చట్టం తెచ్చింది. ఆ చట్టం మొట్టమొదట వర్తించినది మద్రాసు ప్రెసిడెన్సీకే. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ఆనాడు అందులోనివే. స్థానిక ముస్లిములు కోరినప్పుడు ప్రభుత్వం ఖాజీని నియమించవచ్చు, ఖాజీ తన తరఫున నాయబ్ ఖాజీలను పెట్టుకోవచ్చు. అయితే ఖాజీకి న్యాయాధికారం లేదని ఆ చట్టమే తేల్చి చెప్పింది. అంటే ఖాజీ ఇచ్చే పత్రం జరిగిన దానికి సాక్ష్యం. కోర్టు తీర్పు కాదు.

కనుక మొదట విచారించవలసినది నికాహ్ గాని, తలాఖ్ గాని, ఖులా గాని నమోదు చేసిన ఖాజీ ఎవరన్నది. ఆయన మరణించి ఉంటే రిజిస్టర్లు తరువాతి ఖాజీ వద్దనో, కుటుంబీకుల వద్దనో, మస్జిద్ కమిటీ బీరువాలోనో ఉండవచ్చు. నమోదు ప్రతిని వక్ఫ్ బోర్డుకు పంపారేమో కూడా కనుక్కోవాలి. హైదరాబాదులో జరిగినదైతే నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు కార్యాలయంలో అడగాలి.

దరఖాస్తులో ఇరువురి పేర్లు, తండ్రుల పేర్లు, నికాహ్ తేదీ, విడాకుల తేదీ, సాక్షుల పేర్లు వ్రాయండి. ఉర్దూలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఉన్న పేర్లను రెండు విధాలా పేర్కొనండి. ఊరి పేరుతో పాటు మండలం, జిల్లా తప్పక వ్రాయండి. వట్టి 'శ్రీకాకుళం' అని వ్రాస్తే కాగితం ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం జిల్లాకు ప్రయాణం కట్టే ప్రమాదం ఉంది! 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. మచిలీపట్నం కృష్ణా జిల్లా కేంద్రంగా కొనసాగుతున్నది. పాత పత్రాలలోని 'కృష్ణా జిల్లా'కు ఈ రెండు అర్థాలూ ఉండవచ్చు.

రెండవ మజిలీ: కోర్టు

భర్త నాలుగేళ్ళుగా జాడ లేకుండా పోయినా, రెండేళ్ళు పోషించకపోయినా, క్రూరంగా ప్రవర్తించినా కోర్టు ద్వారా వివాహాన్ని రద్దు చేయించుకునే హక్కును 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం స్త్రీకి ఇచ్చింది. ఆ విధంగా పొందిన విడాకులకు ఆధారం డిక్రీ.

నకలు కోసం కేసు వేసిన కోర్టులోనే దరఖాస్తు చేయాలి. కేసు నంబరు, సంవత్సరం, కక్షిదారుల పేర్లు, తీర్పు తేదీ కావాలి. నంబరు గుర్తు లేకపోతే నాటి వకీలును అడగండి, లేదా ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెదకండి. పాత కేసుల కట్టలు రికార్డు గదికి చేరి ఉంటాయి గనుక కొంత ఓపిక అవసరం. తీర్పు, డిక్రీ రెండింటికీ సర్టిఫైడ్ నకళ్ళు కోరండి. ఫోనులో దించుకున్న ప్రతి సమాచారానికి పనికివస్తుంది గాని, సర్టిఫైడ్ నకలు స్థానాన్ని భర్తీ చేయదు. కక్షిదారులు నేరుగా కోరవచ్చు. బయటివారు కారణం చూపవలసి ఉంటుంది. ఒక స్త్రీ సంసార గాథ అందరి చేతుల్లో పడకుండా ఉండటానికి ఆ కట్టుబాటు అవసరమే.

ఏ కాగితమైనా చెల్లుతుందా?

ఒకే మాటలో మూడు తలాఖులు చెప్పినట్లు వ్రాసుకున్న కాగితం ఇప్పుడు విడాకులకు ఆధారం కాదు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2019 చట్టం దానిని చెల్లనిదిగా ప్రకటించి, మూడేళ్ళ వరకు శిక్ష విధించింది. అంతకు ముందే, 2002లో షమీమ్ ఆరా కేసులో, తగిన కారణం, ఇరుపక్షాల మధ్యవర్తుల రాజీ ప్రయత్నం లేని తలాఖ్ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఖులా విషయంలో 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఖులా కోరే హక్కు స్త్రీకి సంపూర్ణంగా ఉందనీ, భర్త సమ్మతి షరతు కాదనీ, ముఫ్తీ ఇచ్చే పత్రం సలహా వంటిదేననీ, చట్టపరమైన ముద్ర కావాలంటే కోర్టుకు వెళ్ళాలనీ దాని సారాంశం. ఆంధ్రప్రదేశ్ కోర్టులు దానికి కట్టుబడి తీరాలని లేదు గాని, వాదనకు అది బలమైన ఆధారం.

ఏ రికార్డూ దొరకనప్పుడు

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన ఎరిగిన నేల మనది. నీటిపాలైన కాగితానికి ఎవరినీ నిందించలేము. అయినా దారి మూసుకుపోలేదు. వివాహ స్థితిని ప్రకటించమని కోరే దావాను విచారించే అధికారం 1984 చట్టం ద్వారా ఫ్యామిలీ కోర్టుకు ఉంది. ఫ్యామిలీ కోర్టు లేనిచోట సివిల్ కోర్టును ఆశ్రయించాలి. సజీవంగా ఉన్న సాక్షులు, మహర్ ముట్టిన రసీదు, మధ్యవర్తుల ఒప్పందం, ఆనాటి ఉత్తరాలు ఆధారాలవుతాయి. సాక్షులు వృద్ధులైతే ఆలస్యం చేయకండి.

విదేశంలో జరిగినదైతే

అమెరికాలో విడాకుల డిక్రీ సాధారణంగా ఆ కౌంటీలోని కోర్టు క్లర్కు వద్ద ఉంటుంది. ఏ కౌంటీలో కేసు నడిచిందో తెలిస్తే ఉత్తరం ద్వారా కూడా సర్టిఫైడ్ నకలు కోరవచ్చు. మన దేశంలో వాడటానికి అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. గల్ఫ్ దేశాలలో జరిగినదైతే ఆ దేశపు కోర్టు పత్రాన్ని నిబంధనల ప్రకారం ధ్రువీకరింపజేసుకొని, అరబీ నుండి అనువాదం చేయించాలి.

సోదరులారా, సోదరీమణులారా! విడాకులు జరిగిన ఇంట ఆ కాగితాన్ని అవమానంగా భావించి దాచేస్తాము, లేదా పారేస్తాము. మనం మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: రేపు మన ఆడబిడ్డ తలెత్తుకొని నిలబడటానికి కావలసిన ఆధారం ఆమె చేతిలో ఉందా? అసలు ప్రతి ఆమె వద్దనే ఉండాలి, నకలు పుట్టింటిలో ఉండాలి. ఖాజీ సాహెబులు తమ రిజిస్టర్లను తరువాతి వారికి అప్పగించే ఏర్పాటు బ్రతికి ఉండగానే చేయాలి. అమానతును దాని హక్కుదారుకు చేర్చడం అంటే ఇదే.

అల్లాహ్ మన ఇళ్ళలో ప్రేమను, విడిపోవలసి వచ్చినప్పుడు న్యాయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.