మీకు తెలుసా? డబ్బు చేతికి రాకపోయినా ఇల్లు అమ్ముడైపోతుంది!

ఇల్లు కొంటున్నారా? అమ్ముతున్నారా? ముందు ఒక అంకె చూడండి. రూ.100! అంత, ఆపైన విలువున్న స్థిరాస్తి ఏదైనా సరే, అమ్మితే రిజిస్టర్ చేయాల్సిందే. ఈ అంకె 1882 నాటి చట్టంలోది. ఇప్పటికీ మారలేదు! వందకి ఇవాళ రెండు ప్లేట్ల ఇడ్లీ రావడమే గగనం, ఇల్లెక్కడ వస్తుంది? కాబట్టి నోటరీ కాగితం, తెల్లకాగితం మీద సాదాబైనామా, ఇవేవీ మిమ్మల్ని యజమానిని చేయవు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో కొన్నా అంతే! సుప్రీంకోర్టు 2011లోనే ఆ సంగతి తేల్చేసింది.

అసలు విచిత్రం ఇప్పుడు వినండి. సేల్ డీడ్‌లో ‘సొమ్ము మొత్తం ముట్టింది’ అని రాశారు. సంతకం పెట్టారు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. తీరా చూస్తే చెక్కులు బోగస్! డీడ్ రద్దవుతుందా? కాదు! సూరత్‌లో సరిగ్గా ఇలాంటి తగాదానే వచ్చింది. రూ.1.74 కోట్ల భూమి. డీడ్‌లో 36 చెక్కులు రాశారు. మాకు ముట్టింది రూ.40 వేలేనని అమ్మినవాళ్ల గోల! ధర పూర్తిగా అందలేదన్న కారణంతో రిజిస్టరైన డీడ్‌ని రద్దు చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2020లో చెప్పేసింది. బాకీ సొమ్ము కోసం గడువులోగా దావా వేసుకోవచ్చు. అంతే! అమ్మేవాళ్లూ, సొమ్ము ఖాతాలో పడ్డాకే వేలిముద్ర వేయండి.

పాత స్టాంపు పేపరు బీరువాలో ఉండిపోయిందా? 6 నెలలు దాటితే చెల్లదంటారు కదా! చెల్లుతుంది! ఆ 6 నెలల గడువు వాడని పేపరు వెనక్కిచ్చి డబ్బు తెచ్చుకోవడానికి మాత్రమే. రాసుకోవడానికి గడువే లేదు! అలాగని పాత పేపరు మీద పాత తేదీ వేసేరు సుమా, అది నేరం.

తాతల ఇల్లు అమ్ముతున్నారా? ఆడపిల్లల సంతకాలు తీసుకున్నారా? హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా అని దేశమంతటికీ చట్టం వచ్చింది 2005లో. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో? 1985 నుంచే! అంటే 20 ఏళ్లు ముందే! కాకపోతే అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకి ఆ చట్టం మొండిచెయ్యి చూపింది. 2005 సవరణ వాళ్లనీ కలుపుకుంది. ఆ నాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తీర్పు! 2004 డిసెంబరు 20కి ముందే పంపకాలు రిజిస్టరై ఉంటే వేరే సంగతి. లేకపోతే అక్కచెల్లెళ్ల సంతకం లేని ఇంటికి బయానా ఇవ్వడమంటే కోరి కోర్టుకెక్కడమే!

పిల్లాడి పేరున ఇల్లుందా? అమ్మే హక్కు తండ్రికే లేదు! కోర్టు అనుమతి కావాలి. లేకుండా అమ్మేస్తే ఆ పిల్లాడు పెద్దయ్యాక, 21 ఏళ్లు నిండేలోపు ఎప్పుడైనా వచ్చి ఆ అమ్మకం చెల్లదని దావా వేయొచ్చు!

అరకులో చవగ్గా స్థలం ఉందన్నారా? ఆగండి! 1/70 పేరు విన్నారుగా. 1970 నాటి ఒకటో నిబంధన. అరకు, పాడేరు, భద్రాచలం, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఇదిగో: అక్కడ గిరిజనేతరుడి భూమిని ఇంకో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు!

రిజిస్ట్రార్ ఆఫీసు మీ ఇంటికే వస్తుంది! నమ్మరా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. మంచం పట్టిన పెద్దాయన ఆఫీసు మెట్లు ఎక్కక్కర్లేదు. అర్జీ పెట్టి, ఫీజు కడితే చాలు. ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. జైల్లో ఉన్నా వస్తారు!

ఇంటి ధర రూ.50 లక్షలు తాకిందా? ఇక మీరే పన్ను అధికారి! కొనేవాళ్లే 1 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అదీ మొత్తం ధర మీద! రూ.60 లక్షల ఇల్లయితే రూ.60 వేలు. మరిచారా, నోటీసు వచ్చేది మీకే! అమ్మేవాళ్లు అమెరికాలో స్థిరపడినవాళ్లయితే లెక్కే మారిపోతుంది. అక్కడ 50 లక్షల గీత లేదు, కోత కూడా ఎక్కువే.

బయానా నగదుగా ఇచ్చే అలవాటుందా? రూ.20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా పడొచ్చు! ఎవరికి? ఇచ్చినవాళ్లకి కాదు, పుచ్చుకున్నవాళ్లకి!

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఖాళీగా వచ్చిందని మురిసిపోతున్నారా? ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే! అంతకుముందువి కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఇంకో రహస్యం! వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు. అలాంటిది ఏ బీరువాలో ఉన్నా ఈసీకి కనపడదు!

12 ఏళ్లు ఉంటే ఇల్లు అద్దెకున్నవాళ్లదైపోతుందట! ఈ భయంతోనే ఎంతమంది అద్దెవాళ్లని మారుస్తారో! ఉత్త మాట! మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ 50 ఏళ్లున్నా వాళ్లు అద్దెవాళ్లే.

ఇక ఫ్లాట్లు. ప్రీలాంచ్ ఆఫర్, మొత్తం కట్టేస్తే సగం ధరకే అంటున్నారా? రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా బిల్డర్ మీ దగ్గర 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు! ఒక్క రూపాయి కూడా!

ఫ్లాట్‌లోకి చేరిపోయారా? గోడ బీటలిచ్చిందా? స్లాబు కారుతోందా? తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి 5 ఏళ్లదాకా కట్టడంలో లోపం బయటపడితే బాధ్యత బిల్డర్‌దే! మీరు చెప్పిన 30 రోజుల్లోపు పైసా తీసుకోకుండా బాగుచేయాలి. మీరు తాళాలు తీసుకుని ఎన్నాళ్లయింది? ఆ కాగితం మీద తేదీ ఇప్పుడే చూసుకోండి!