డాబా మీద 93 వాట్ల లెక్క

మే నెలలో హనుమకొండలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిని కరెంటు ఖర్చు లేకుండా ఆకాశంలోకి పంపే పల్చటి ప్లాస్టిక్ పొరను కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. మిట్టమధ్యాహ్నం కూడా చదరపు మీటరుకు 93 వాట్ల వేడి తీసేస్తుందని వాళ్లు కొలిచి చెప్పారు.

వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. రెండు 93లను గుణిస్తే 8,600 వాట్లు దాటుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి లాగే వేడి 5,300 వాట్ల లోపే. కాగితం మీద పొరదే గెలుపు.

దాని మందం 50 మైక్రాన్లు. పాలిమర్‌లో 8 మైక్రాన్ల గాజు పూసలు, ఘనపరిమాణంలో 6 శాతం కలిపి, అడుగున 200 నానోమీటర్ల వెండి పూశారు. ఎండలో 96 శాతాన్ని తిప్పికొట్టేది ఆ వెండే. పూసల పని వేరు. 45 డిగ్రీల దగ్గర ఉన్న వస్తువు ఎక్కువగా వదిలే పరారుణ తరంగం ఏదో తెలియాలంటే 2,898ని 318 కెల్విన్లతో భాగించాలి. 9.1 మైక్రాన్లు వస్తుంది. 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య తరంగాలను పొడి గాలి పెద్దగా అడ్డుకోదు, ఆకాశానికి అదొక కిటికీ. పూసల సైజు ఆ తరంగాలకు దగ్గరగా ఉండటంతో పొర సరిగ్గా అక్కడే బాగా వేడి వదులుతుంది. ఉత్త గాజు పలకకు ఈ పని ఇంత బాగా చేతకాదు. గుణం పదార్థంతో పాటు అమరికలోంచి కూడా పుట్టింది కాబట్టే దీన్ని మెటామెటీరియల్ అంటున్నారు.

ఇక చిక్కులు. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. దుమ్ము పట్టి పరావర్తనం 96 నుంచి 86 శాతానికి జారితే 100 వాట్లు అదనంగా లోపలికొస్తాయి. 93 వాట్ల లాభం హరీమన్నట్టే! వానాకాలం తేమ ఆ ఆకాశపు కిటికీని కొంత మూసేస్తుంది, అది వేరే సంగతి.

పర్యావరణం లెక్క ఇంకా కఠినం. ఒక్క డాబాకు వెండి సుమారు 195 గ్రాములు, పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్ దాదాపు 4 కిలోలు. తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023లో పెట్టుకున్న లక్ష్యం 300 చదరపు కిలోమీటర్ల కప్పులు. వాటన్నిటికీ ఇదే పరిస్తే 630 టన్నుల వెండి కావాలి. అయ్యే పని కాదు.

అందుకే నా కన్ను సెల్యులోజ్ మీద ఉంది. దాని కార్బన్-ఆక్సిజన్ బంధాలు 9 మైక్రాన్ల చుట్టుపక్కలే కంపిస్తాయి, అంటే సరిగ్గా ఆకాశం తెరిచి ఉన్న చోట. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో లిగ్నిన్ తీసేసి నొక్కిన చెక్కతో ఇది చూపించారు. మధ్యాహ్నం దక్కింది చదరపు మీటరుకు 16 వాట్లే, కానీ వెండి అక్కర్లేదు. పత్తిలో 90 శాతం సెల్యులోజే, వరంగల్‌లోని ఏనుమాముల పత్తి మార్కెట్ మాకు పక్కనే ఉంది. వరంగల్ నిట్‌లోనో కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఎవరైనా పత్తి వ్యర్థాలతో పొర చేసి, రెండు ఎండాకాలాలు డాబా మీద పరిచి, కడగకుండా కొలిస్తే బాగుంటుంది.

ఈలోగా చల్లటి కప్పు పేరుతో ఎవరైనా షీటు అమ్మజూపితే వాట్లు అడక్కండి. రెండేళ్ల దుమ్ము తర్వాత పరావర్తనం ఎంతో రాసిమ్మనండి.