నీటిలో ఎలక్ట్రాన్: ఒక విద్యార్థి ప్రశ్న

సూరా అంబియా పాఠం జరుగుతున్న వేళ ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. "హజ్రత్, నీటిలోని ఎలక్ట్రాన్‌ను లేజర్‌తో చూశారట. ఆ సంగతి ఈ సూరాలోని 30వ ఆయత్‌లో ముందే ఉందని ఒక వీడియోలో విన్నాను. నిజమేనా?"

ఆ ఆయత్ జీవరాశికి నీటితో గల సంబంధాన్ని ప్రస్తావిస్తుంది. ఎలక్ట్రాన్ ఊసు అందులో లేదు. ఆ మాటే చెప్పాను. కుర్రవాని ముఖం చిన్నబోయింది. అందువల్ల శాస్త్రవేత్తలు అసలు చూసినదేమిటో వివరించవలసి వచ్చింది.

వికిరణం సోకినప్పుడు నీటి అణువునుండి ఎలక్ట్రాన్ విడిపోగలదు. చుట్టూ ఉన్న అణువులు తమ హైడ్రోజన్ కొసలను దానివైపు త్రిప్పి, దానిని నడుమ నిలుపుకుంటాయి. ఇటువంటి ఎలక్ట్రాన్‌ను 1962లో హార్ట్, బోగ్ అనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. అయితే అది కుదురుకొనే క్షణాన్ని పట్టుకొనుటకు ఫెమ్టోసెకన్ల లేజర్ రావలసి వచ్చింది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని మళ్ళీ వేయి ముక్కలు చేస్తే వచ్చేది ఫెమ్టోసెకను! మొదటి కాంతి తునక ఎలక్ట్రాన్‌ను విడదీస్తుంది. వెనుక వచ్చే రెండవది దాని స్థితిని తెలుపుతుంది. అద్దాన్ని జరిపి రెండవదాని బాటను 0.03 మిల్లీమీటర్లు పొడిగిస్తే చాలు, అది 100 ఫెమ్టోసెకన్లు ఆలస్యమవుతుంది. ఈ పద్ధతిలో 1987లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరిశీలించగా, ఎలక్ట్రాన్ కుదురుకొనుటకు సుమారు 240 ఫెమ్టోసెకన్లు పట్టినట్లు తేలింది.

ఇంతటి స్వల్ప వ్యవధిలో జరిగే రసాయన చర్యలను పరిశీలించినందుకు 1999లో నోబెల్ బహుమతి పొందిన అహ్మద్ జువైల్ ఈజిప్టులోని దమన్‌హూర్‌లో జన్మించారు. 2004లో ఆయన బృందం కొద్దిపాటి నీటి అణువుల గుంపులలో ఇదే ఎలక్ట్రాన్‌ను పరిశీలించింది. మన పిల్లలకు ఆ వీడియోలకన్నా ఆయన జీవితాన్ని పరిచయం చేయడం మేలు.

ఇక అసలు విషయం. ఎలక్ట్రాన్ నీటిలో గూడువంటి ఖాళీ చేసుకొని ఉంటుందని చాలాకాలం భావించారు. 2010లో కొందరు అమెరికన్ పరిశోధకులు తమ గణనల ఆధారంగా గూడే లేదన్నారు. ఇతరులు దానిని ఖండించారు. గూడు ఉందనే అభిప్రాయమే నేడు బలంగా ఉంది. మరి 2009లో ఎవరైనా ఆ గూటికి ఆయత్‌ను ముడిపెట్టి ఉంటే, మరుసటి సంవత్సరం ఆ మాట విన్న పసివాని విశ్వాసం ఏమయ్యేది? ప్రయోగశాలలో మాట మార్చుకోవడం దోషం కాదు, అది వారి పద్ధతి. అల్లాహ్ వాక్కును దానికి పూచీగా నిలిపే అధికారం మనకెవరిచ్చారు?

"అయితే దానిని అంతగా వెదకడం దేనికి, హజ్రత్?" అన్నాడు. కాన్సర్ చికిత్సలో వికిరణం దేహంలోని నీటిని కూడా తాకుతుందని, అక్కడ విడిపడే ఎలక్ట్రాన్ల నడత వైద్యులకు అవసరమని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, 31వ ఆయత్ అందుకున్నాడు.